మధ్యచెవి ఇంప్లాంటు: డెసిబెల్ లెక్క ఒక్కటే చాలదు

మధ్యచెవిలో ఇంప్లాంటు అమర్చిన తర్వాత రోగి చేతికిచ్చే నివేదికలో ముందుగా కనిపించేది ఆడియోగ్రామ్, అంటే ఎంత సన్నని శబ్దం వినిపిస్తోందో గీతగా చూపే పటం. శస్త్రచికిత్సకు ముందు గీత ఎక్కడుందో, పరికరం పనిచేయడం మొదలయ్యాక ఎంత పైకి వచ్చిందో చూడగానే తెలిసిపోతుంది. ముప్ఫై డెసిబెళ్లు మెరుగుపడిందంటే అందరికీ సంతోషమే. అయితే నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎంత సన్నని శబ్దం చెవిన పడుతోందన్నది తప్ప ఆ అంకె మరేమీ చెప్పదు. ఆపరేషన్ చేయించుకున్న మనిషికి కావలసింది ఎదుటివారి మాట అర్థం కావడం. దాన్ని కొలవాలంటే వేరే పరీక్షలు చేయాలి, వేరే పోలికలు పెట్టాలి.

ఈ రకం పరికరాల్లో బాగా ప్రచారంలో ఉన్నది వైబ్రంట్ సౌండ్‌బ్రిడ్జ్. చిన్ననాటి నుంచి వినికిడి లోపం ఉన్న అమెరికన్ ఇంజనీరు జెఫ్రీ బాల్ దీన్ని రూపొందించారు. 1996లో జ్యూరిక్‌లో మొదటిసారి అమర్చారు, 2000లో అమెరికాలో అనుమతి లభించింది. చెవి వెనక చర్మంపై అయస్కాంతంతో అతుక్కునే ప్రాసెసర్ శబ్దాన్ని గ్రహించి లోపలికి పంపుతుంది, సుమారు 2.3 మిల్లీమీటర్ల పొడవు, 25 మిల్లీగ్రాముల బరువు ఉండే కంపన పరికరం మధ్యచెవిలో గొలుసులా ఉండే మూడు చిన్న ఎముకల్లో నడిమిదైన దాగలిని పట్టుకుని కదిలిస్తుంది. కాక్లియర్ ఇంప్లాంటు మాదిరిగా ఇది నాడికి విద్యుత్ సంకేతాలు పంపదు. కంపనాలను గ్రహించే పని ఇక్కడ లోపలి చెవిదే, అంటే ఫలితమూ దాని సామర్థ్యాన్ని దాటిపోలేదు.

ఇందులోని మేళ్లు నిజమైనవే. చెవి రంధ్రం తెరిచే ఉంటుంది కాబట్టి సొంత గొంతు గుమ్మటంలో మోగినట్టు వినపడదు, వినికిడి యంత్రాలు పెట్టే కీచు శబ్దమూ చాలావరకు తప్పుతుంది. చెవి తరచూ చీము పట్టడం వల్ల వినికిడి యంత్రపు మౌల్డ్ (చెవి రంధ్రంలో అమరే అచ్చు) పెట్టుకోలేనివారికి ఇది సౌకర్యం కాదు, అవసరం. పై పౌనఃపున్యాల్లో మంచి బలం ఇవ్వగలగడం మరో అనుకూలత. ‘కల’, ‘తల’, ‘పల’ అనే మూడు మాటలను పక్కపక్కన పలికి చూడండి. వాటిని వేరుచేసేది మొదటి హల్లు దగ్గర క్షణంలో వందోవంతుల పాటు వినిపించే చిన్న పేలుడూ, ఆ వెంటనే అచ్చులోకి జారే తీరూ. అచ్చుల్లో శక్తి ఎక్కువ కాబట్టి వినికిడి తగ్గినా అవి దొరుకుతాయి, హల్లులే జారిపోతాయి. ‘వినపడుతోంది గానీ తెలియడం లేదు’ అని వయసు మళ్లినవారు చెప్పేది దీని గురించే.

శబ్దం పెంచితే ఈ హల్లులు కొంతవరకు తిరిగి వస్తాయి, పూర్తిగా కాదు. రోమకణాలు (కంపనాలను నాడీ సంకేతాలుగా మార్చే కణాలు) దెబ్బతిన్న లోపలి చెవి దగ్గరదగ్గర పౌనఃపున్యాలను విడదీయలేదు. అలాంటి చెవికి ఎంత బలమైన కంపనం పంపినా అలికినట్టున్న మాట గట్టిగా అలికినట్టే వినిపిస్తుంది. అందుకే శస్త్రచికిత్సకు ముందే పదాల గుర్తింపు పరీక్ష చేసి, సౌకర్యమైన స్థాయిలో వినిపించినప్పుడు కనీసం సగం పదాలైనా సరిగా చెప్పగలవారినే సాధారణంగా ఎంపిక చేస్తారు. నా దృష్టిలో, తర్వాత వచ్చే ఫలితం గురించి ఆడియోగ్రామ్ కన్నా ఈ అంకే ఎక్కువ చెబుతుంది. లోపలి చెవి బాగానే ఉండి, ఎముకల గొలుసు దెబ్బతిన్నవారి సంగతి వేరు. 2006 ప్రాంతంలో ఇటలీ వైద్యుడు విటోరియో కొలెట్టి ఈ పరికరాన్ని దాగలికి కాకుండా కాక్లియా (లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే వినికిడి భాగం) గుండ్రటి కిటికీ అనే పలుచని పొర దగ్గర అమర్చి చూపిన తర్వాత, అలాంటివారికి దారి తెరుచుకుంది. మాట అర్థం కావడంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించేది ఎక్కువగా వీరిలోనే.

లోపలి చెవి లేదా వినికిడి నాడి దెబ్బతినడం వల్ల వచ్చే మామూలు నాడీ సంబంధ లోపంలో మాత్రం పోలిక దేనితో పెడుతున్నామన్నదే ప్రధానం. ఏ పరికరమూ లేని చెవితో పోలిస్తే ఏ ఇంప్లాంటైనా గెలుస్తుంది. సరిగా అమర్చి, సరిచూసిన మంచి వినికిడి యంత్రంతో పోల్చినప్పుడు, నిశ్శబ్దంలో పదాల గుర్తింపులో తేడా చాలాసార్లు స్వల్పమే. పాత అనలాగ్ యంత్రం వాడుతున్నవారికి కొత్త డిజిటల్ ప్రాసెసర్ ఇచ్చి, ఆ తేడానంతా శస్త్రచికిత్స ఖాతాలో వేయడం సరైన లెక్క కాదు. సంతృప్తి ప్రశ్నావళులదీ ఇదే ఇబ్బంది. కత్తి కిందకు వెళ్లొచ్చిన మనిషికి తన చెవిలో ఏముందో తెలుసు, మెరుగైందని చెప్పాలనే అనిపిస్తుంది.

అసలు పరీక్ష సందడిలో జరగాలి. సంభాషణ స్థాయి అయిన 65 డెసిబెళ్ల దగ్గర వాక్యాలు వినిపిస్తూ, వెనక రొద పెంచుకుంటూ పోయి, సగం వాక్యాలు ఎక్కడ అందకుండా పోతాయో చూడాలి. ఆ అంచు దగ్గర మాటకూ రొదకూ మధ్య ఒక్క డెసిబెల్ తేడా వచ్చినా అర్థమయ్యే వాక్యాలు సుమారు పది శాతం మారతాయి కాబట్టి, ఇక్కడ రెండు మూడు డెసిబెళ్ల లాభం ఆడియోగ్రామ్‌లో ఇరవై డెసిబెళ్ల కన్నా విలువైనది. ఆ లాభాన్ని తెచ్చేది కూడా ఎక్కువగా ప్రాసెసర్‌లోని దిశాత్మక మైక్రోఫోన్లే, ఎముక మీది కంపన పరికరం కాదు.

ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు గాయం మానాకే పరికరాన్ని పనిచేయిస్తారు, ఆ తర్వాత పలుమార్లు సర్దుబాటు చేస్తారు. కాబట్టి తొలి రోజు కొలతతో తీర్పు చెప్పకూడదు. ఇంప్లాంటు ఆపి ఉంచినప్పుడు చెవికి మిగిలిన సహజ వినికిడి ఎంతో కూడా నివేదికలో ఉండాలి. 2010లో అమెరికాలో అనుమతి పొందిన ఎస్టీమ్ వంటి పూర్తిగా లోపలే ఉండే పరికరాలకు దాగలిలో కొంత భాగం తీసేస్తారు. అక్కడ పరికరం ఆగిపోతే మిగిలే వినికిడి మునుపటి కన్నా తక్కువ. ఈ సంగతి సంతకం పెట్టకముందే రోగికి అంకెలతో చెప్పాలి.