పని పోయినోళ్లకి యూనియన్లు ఏం చెయ్యలేదా?

విశాఖలో గాజువాక, మల్కాపురం వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. యూనియన్లు పర్మనెంటోళ్ల జీతాల కోసమేనట, పని పోయినోడికి వాళ్ల వల్ల రూపాయి రాలేదట, బయటి దేశాల్లో భృతి ప్రభుత్వాలు పెట్టిందేనట, ఇక్కడా యూనియన్లు పోతేనే అలాంటిది వస్తుందట. చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు బయటి దేశాల సంగతి. అక్కడ కార్మికులు చందాలేసుకుని యూనియన్ ఫండ్లు పెట్టుకున్నారు, పని పోయినోడికి అందులోంచే ఇచ్చేవాళ్లు, 1901లో బెల్జియంలోని ఘెంట్ నగరం ఆ డబ్బుకి తన వాటా కలపడం మొదలెట్టింది, తర్వాత డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్ కూడా ఇదే దారి పట్టాయి. 2007లో స్వీడన్ ప్రభుత్వం ఈ ఫండ్ల ఫీజులు బాగా పెంచేసరికి లక్షల మంది వదిలేశారు, చాలామంది యూనియన్లు కూడా మానేశారు. యూనియన్ బలం తగ్గింది కదా, మరి పని పోయినోడికి రక్షణ పెరిగిందా? వదిలేసినోళ్లకి జీతాన్ని బట్టి వచ్చే ఇన్సూరెన్స్ కూడా పోయింది.

రూపాయి రాలేదన్నది శుద్ధ తప్పు. 1953లో బట్టల మిల్లుల్లో లే-ఆఫ్‌లు, అంటే కొన్నాళ్లు పని లేదని కూర్చోబెట్టడాలు, ముంచుకొస్తే కార్మిక ప్రతినిధులు, యజమానులు కమిటీలో కూర్చుని ఒప్పందానికొచ్చారు, అదే ఏడాది చట్టమైంది. లే-ఆఫ్‌లో బేసిక్, డీఏల్లో సగం, రిట్రెంచ్‌మెంట్‌కి, అంటే పనిలోంచి తీసేస్తే, సర్వీసులో ఏడాదికి 15 రోజుల జీతం, ఇవి అప్పుడొచ్చినవే. జీతంలో కోసి కట్టే కార్మికుల బీమా ఈఎస్ఐని నడిపే కార్పొరేషన్లో కూడా చట్టప్రకారం కార్మికుల తరఫున 10 మంది ఉంటారు, పని పోతే 90 రోజుల వరకూ సాయమిచ్చే అటల్ పథకం 2018లో ఆ ఈఎస్ఐ కిందే వచ్చింది, కోవిడ్ టైములో ఆ సాయాన్ని జీతంలో 25 శాతం నుంచి 50 శాతం చేశారు. భృతి ఇస్తే సోమరులైపోతారన్న మాట కూడా ఆ ఫార్వర్డ్‌లో ఉంది, మూడు నెలలు సగం జీతంతో ఎవరూ సోమరైపోరు.

యూనియన్ ప్రమేయం లేకుండా ప్రభుత్వం ఇచ్చిందీ చూశాం కదా. 2018 అక్టోబర్లో మన రాష్ట్రంలో ఉద్యోగం లేని కుర్రాళ్లకి యువనేస్తం అని నెలకి 1,000 ఇచ్చారు, 2019లో ప్రభుత్వం మారింది, అది ఆగిపోయింది. పట్టుబట్టి అడగడానికి ఆ కుర్రాళ్లకంటూ ఒక సంఘం లేదు.

పర్మనెంటోళ్ల కోసమే అన్నదాంట్లో మాత్రం కొంత నిజముంది, కాంట్రాక్ట్ కార్మికుల్ని చాలా యూనియన్లు ఏళ్లతరబడి పక్కన పెట్టాయి, అది నాకూ కోపమే. కానీ దానికి మందు యూనియన్ తీసెయ్యడం కాదు, కాంట్రాక్టోళ్లని చేర్చుకోవడం. ఎందుకంటే కాంట్రాక్టరు ఈఎస్ఐ కట్టకపోతే పని పోయిన రోజున ఆ 50 శాతమూ రాదు, ఒక్కడే వెళ్లి అడిగితే మర్నాడు గేట్ పాస్ ఉండదు. అందుకే తమ్ముళ్లూ, జీతంలో ఈఎస్ఐ కోసుకున్న డబ్బు నిజంగా జమవుతోందో లేదో ఈ నెలలోనే చూసుకోండి, తేడా ఉంటే పదిమందీ కలిసి స్లిప్పులు పట్టుకుని యూనియన్ ఆఫీసుకి వెళ్లండి, పర్మనెంటోళ్లకే అని పంపించేస్తే మీరే ఒకటి పెట్టుకోండి.