లోహ నానోక్లస్టర్ల వెలుగు సరే, ఉప్పుగాలికి ఆగుతుందా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొనేవాళ్లు ముందు మొప్ప ఎత్తి చూస్తారు. ఎర్రగా ఉంటే తాజా సరుకు, గోధుమ రంగుకు తిరిగితే బేరం మొదలు. చౌకరకం ఎల్ఈడీ కింద ఈ తేడా సరిగ్గా పోల్చుకోలేం. తప్పు దీపానిదే. మనం తెల్ల ఎల్ఈడీ అంటున్నదానిలో ఉండేది నీలి చిప్, దాని మీద సీరియం అనే లోహం కలిపిన పసుపు ఫాస్ఫర్ పూత. ఫాస్ఫర్ అంటే ఒక రంగు కాంతిని మింగి మరో రంగులో వదిలే పొడి. రెండూ కలిసి తెల్లగానే కనిపిస్తాయి గానీ ఎరుపు కాంతి వాటా తక్కువ. ఆ నీలి ఎల్ఈడీకి 2014 అక్టోబర్ 7న నోబెల్ ప్రకటించారు. సరిగ్గా ఐదు రోజులకు హుద్‌హుద్ తుపాను వచ్చి మన ఊరిని చీకట్లో ముంచింది. ఆ తర్వాత వీధుల్లో వెలిగినవి ఎల్ఈడీలే.

ఎరుపు లోటు తీర్చగలవని పరిశోధకులు ఆశపడుతున్నవాటిలో లోహ నానోక్లస్టర్లు ఒకటి. బంగారం, వెండి, రాగి పరమాణువులు కొన్ని పదులు కూడితే ఒక క్లస్టర్. సైజు దాదాపు 2 నానోమీటర్ల లోపే. అంత చిన్నదయ్యాక లోహం తన స్వభావం మార్చుకుని, ఒక రంగు కాంతిని మింగి మరో రంగులో వదులుతుంది. 2009లో ఆల్బుమిన్ ప్రొటీన్ చుట్టిన 25 బంగారు పరమాణువుల క్లస్టర్ ఎర్రగా వెలిగింది. అయితే మింగిన ప్రతి వంద ఫోటాన్లకూ (కాంతి రేణువులకూ) తిరిగి ఇచ్చింది ఆరు.

డిజైన్‌లో కిటుకంతా పై తొడుగులో ఉంది. లోహాన్ని చుట్టుకున్న అణువులు, అంటే లైగాండ్లు, ఊగిసలాడితే శక్తి వేడిగా పోతుంది. కదలకుండా బిగిస్తే వెలుగు పెరుగుతుంది.

పేచీ రాగితోనే. బంగారం ధర తెలిసిందే, రాగి చవక. వెలుగూ బాగుంటుంది, కానీ గాలి తగిలితే ఆక్సీకరణ తప్పదు. బీచ్ రోడ్డులో ఇనుప రెయిలింగుకు తుప్పు ఎంత తొందరగా పడుతుందో విశాఖవాళ్లకు వేరే చెప్పాలా? పైగా ఎల్ఈడీ చిప్ వేడి 100 డిగ్రీలు దాటొచ్చు. అందుకే ల్యాబ్‌లో ఎంత వెలిగిందన్న లెక్క చూసి చప్పట్లు కొట్టడం నాకు నచ్చదు. 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో వెయ్యి గంటలు ఉంచే పాత పరీక్ష ఒకటుంది. దాన్ని తట్టుకుందో లేదో ముందు చెప్పాలి. ఆంధ్రా యూనివర్సిటీ సముద్రానికి దగ్గరే కాబట్టి, ఆ మేడల మీద ఒక వానాకాలం ఉంచి చూసినా చాలావరకు తేలిపోతుంది.

ఈ క్లస్టర్లు వస్తే, ఫాస్ఫర్‌లో వాడే యిట్రియం లాంటి రేర్ ఎర్త్ లోహాల కోసం చైనా వైపు చూసే బాధ తప్పుతుందన్న వాదన కూడా ఉంది. యిట్రియం ఎగుమతులపై 2025 ఏప్రిల్‌లో చైనా ఆంక్షలు పెట్టిన మాట నిజం, పసుపు ఫాస్ఫర్‌కు అది కావాల్సిందే. కానీ ఒక బల్బుకు పట్టే ఫాస్ఫర్ చిటికెడు కూడా ఉండదు. ఆ ఒక్క కారణంతో క్లస్టర్లు మార్కెట్‌ను గెలవలేవు.

వీధిదీపాల జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు. చీరల షాపులు, ఆపరేషన్ థియేటర్లలో ఎరుపు సరిగ్గా కనిపించడం ముఖ్యం, ఏసీ వల్ల తేమ కూడా అదుపులో ఉంటుంది. గాలి చొరకుండా సీల్ చేసిన రాగి క్లస్టర్ దీపాలను మొదట అక్కడ పెట్టి చూడాలి.