అరకు ఘాట్ ఎక్కడానికి వెనక చక్రాల మీద డబ్బు తగలేయకండి

వానలు మొదలైతే చాలు, మన విశాఖ వాళ్ల ఫోన్లలో ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతుంది. ఈసారి నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇది: అరకు ఘాట్‌లో తడి రోడ్డు మీద కారు జారకుండా ఎక్కాలంటే వెనక వెడల్పాటి టైర్లు వేయించండి, వెనక స్ప్రింగుల్లో బఫర్లు (చుట్ల మధ్య ఇరికించే రబ్బరు ముక్కలు) పెట్టించి గట్టి చేయండి, డిక్కీలో ఇసుక బస్తా వేయండి, టైర్లలో గాలి 25కి దించండి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఎక్కించుకుని అనంతగిరి మలుపులు ఎక్కేవాళ్లు ఇది నమ్మి చేయిస్తున్నారు, నాకు భయం అక్కడే.

అసలు మీ బండిని లాగేది ఏ చక్రాలు? స్విఫ్ట్, బాలెనో, ఐ20, టియాగో, ఇవన్నీ ముందు చక్రాలతో లాగే బళ్లు. ఇంజిన్ బలం వెనక్కి వెళ్లనే వెళ్లదు, వెనక చక్రాలు దొర్లుతూ వస్తాయంతే. తడి ఎక్కుడులో చక్రం గిర్రున తిరిగి బండి కదలకపోతే ఆ తిరిగేది ముందు చక్రం. అలాంటప్పుడు వెనక ఎంత ఖర్చు పెట్టినా బండి ఎక్కడానికి ఏం ఒరుగుతుంది? బొలెరో, ఈకో, ఇన్నోవా క్రిస్టా లాంటివి వెనక చక్రాలతో నడుస్తాయి, వాటి సంగతి వేరు. ఈ సలహా ఆ బళ్లు నడిపినవాళ్ల దగ్గర పుట్టి ఉంటుందని నా ఊహ.

ఇసుక బస్తా మాటే అన్నిటికంటే ప్రమాదం. ఎక్కుడులో బండి బరువు ఎలాగూ వెనక్కి వాలుతుంది, ముందు చక్రాల మీద భారం తగ్గుతుంది. దానికి తోడు వెనక ఇరుసుకు అవతల, డిక్కీలో 50 కిలోలు పెడితే తూగుడుబల్లలా ముందు భాగం ఇంకాస్త తేలికవుతుంది. అంటే లాగాల్సిన చక్రాలకు ఉన్న పట్టు కూడా మనమే తీసేస్తున్నాం. దిగేటప్పుడు అదే బరువును బ్రేకులు ఆపాలి.

టైరు వెడల్పు పెరిగితే రోడ్డుకు ఎక్కువ రబ్బరు ఆనుతుందని చాలామంది అనుకుంటారు. ఆనే చోటు ఎంతన్నది ముఖ్యంగా బరువును, లోపలి గాలిని బట్టి ఉంటుంది. వెడల్పు పెంచితే ఆ చోటు అడ్డంగా పెరిగి పొడవు తగ్గుతుంది. పైగా నీళ్లున్న రోడ్డు మీద వెడల్పాటి టైరు ఎక్కువ నీటిని పక్కకు తోయాలి. కంపెనీ వాళ్లు స్విఫ్ట్‌లో తక్కువ రకానికి 165/80 ఆర్14 (అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు), పై రకానికి 185/65 ఆర్15 ఇచ్చారు, లెక్క వేసి చూడండి, రెండింటి ఎత్తూ సుమారు 62 సెంటీమీటర్లే. వెనక మాత్రం 195/65 ఆర్15 వేస్తే ఎత్తు 63.5కి చేరుతుంది, ముందు వెనక చక్రాలు తిరిగే వేగం తేడా పడుతుంది. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఏమో నాలుగు చక్రాల వేగాన్నీ పోల్చుకుంటూ పనిచేసేది.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. నాలుగూ మార్చే డబ్బు లేక రెండే కొత్తవి కొంటే, అదే సైజువి, వెనకే వేయించాలి. ముందు టైరు జారితే బండి మలుపులో కాస్త తిన్నగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు దారికొస్తుంది. వెనక జారితే బండి తిరిగిపోతుంది, మనలాంటి మామూలు డ్రైవర్ల చేతిలో ఉండదు. కానీ అది మలుపులో నిలకడ కోసం, ఎక్కడం కోసం కాదు.

బఫర్ల దెబ్బ నేను స్వయంగా తిన్నాను. గాజువాక వైపు ఒక షాపులో “వెనక దిగిపోయింది, ఇవి పెడితే రోడ్డు పట్టుకుంటుంది” అంటే సరేనన్నాను. నెలలోపే అరకు వెళ్తుంటే గుంతలున్న మలుపులో వెనక భాగం ఎగిరి అర అడుగు పక్కకు జరిగింది. మా అమ్మ వెనక సీట్లో ఉంది. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర నా చేతులు బిగుసుకుంటాయి. టైరు రోడ్డు పట్టుకోవాలంటే గుంతలోకి దిగాలి, గట్టుతో పాటు లేవాలి. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ఇరికిస్తే అది దిగదు, గెంతుతుంది. తర్వాత ఇంకో మెకానిక్ విప్పి చూపించాడు, అసలు రోగం ఆయిల్ కారిపోయిన వెనక షాక్ అబ్జార్బర్లది. ఊగుడును ఆపేవి అవే, అవి పోయాక స్ప్రింగును ఎంత బిగించినా లాభం లేదు.

ఇక గాలి. యారాడ ఇసుకలో చక్రం కూరుకుపోతే గాలి తీయడం సరైన పనే, తారు రోడ్డుకు అది పనికిరాదు. గాలి తగ్గితే టైరు నడుమ భాగం రోడ్డును గట్టిగా నొక్కదు, నీరు బయటికి పోదు. నాసా విమాన టైర్ల మీద పరీక్షలతో తేల్చిన లెక్క ప్రకారం నీళ్లు నిలిచిన చోట 33 గాలి ఉన్న టైరు గంటకు సుమారు 95 కిలోమీటర్ల దగ్గర రోడ్డు వదిలి నీటి మీద తేలిపోతుంది, 25 ఉంటే 83 దగ్గరే. అరిగిన టైరు ఇంకా ముందే తేలుతుంది. ఘాట్‌లో అంత వేగం ఉండదు, శృంగవరపుకోట దాకా తిన్నని రోడ్డులో ఉంటుంది కదా. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఎంత ఉంటే అంతే కొట్టించండి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు.

బఫర్లు పీకించి, రెండు షాక్ అబ్జార్బర్లూ, పాత సైజులోనే నాలుగు టైర్లూ మార్పించాను. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే టైరు మార్చాల్సిందే, వానాకాలంలో నేను అంతదాకా ఆగను. టైరు వయసు తెలియడానికి దాని పక్క గోడ మీద ముద్రించిన నాలుగు అంకెలు కూడా చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. బండి బీచ్ రోడ్డు పక్కనో పెదవాల్తేరులోనో బయటే నిలిపేవాళ్లు టార్చి వేసి వెనక స్ప్రింగు కింది కప్పు కూడా చూసుకోండి. సముద్రపు ఉప్పుగాలికి అక్కడ తుప్పు పట్టొచ్చు, మావాడి స్ప్రింగు సరిగ్గా ఆ కప్పులో కూర్చునే చుట్టు దగ్గరే విరిగింది.