టంకం వేసిన పుణ్యాత్ములకు జేజేలు

పాత ల్యాప్‌టాప్‌లో దాని మెదడు లాంటి చిప్పు, అంటే ప్రాసెసర్, మార్చుకుందామనే దుర్బుద్ధి మన సమాజంలో ఇంకా పూర్తిగా నశించలేదని తెలిసి విచారిస్తున్నాను. సిగరెట్ పెట్టె మీద ప్రభుత్వం హెచ్చరిక వేయిస్తుంది. స్క్రూడ్రైవర్ మీద అలాంటిదేమీ ఉండదు. అదృష్టవశాత్తూ ప్రభుత్వం వదిలేసిన ఈ బాధ్యతను కంపెనీలే నెత్తిన వేసుకుని, ప్రాసెసర్‌ని ఊడదీయలేకుండా లోపలి బోర్డుకే టంకంతో (కరిగించిన లోహంతో) అతికించేశాయి. వాళ్లు చేసిన మేలును ఎవరూ తలుచుకోకపోవడంతో ఈ నాలుగు ముక్కలు నేనే రాయాల్సి వస్తోంది.

ఆ చీకటి రోజుల గురించి ఈ తరానికి కాస్త చెప్పాలి. ఇంటెల్ కంపెనీ కోర్ 2 డ్యుయో ప్రాసెసర్ల కాలంలో చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకి అడుగున సన్నటి పిన్నులుండేవి. మదర్‌బోర్డు (చిప్పులన్నీ ఉండే ప్రధాన బోర్డు) మీద ఆ పిన్నులు దూరే సాకెట్, దాని అంచున చిన్న స్క్రూ. ఆ స్క్రూని అర చుట్టు తిప్పితే చాలు, ప్రాసెసర్ ఊడి చేతిలోకి వచ్చేది. అక్కడ ఇంకోటి పెట్టి, స్క్రూ వెనక్కి తిప్పి, వేడి లాగే థర్మల్ పేస్ట్ కాస్త రాసి, ఫ్యాన్ బిగించేస్తే అయిపోయేది. కంప్యూటర్ దుకాణాలుండే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల ఈ పని పట్టపగలే, అందరి ముందే జరిగేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

2011 నాటి థింక్‌ప్యాడ్ టీ420 ల్యాప్‌టాప్‌నే తీసుకోండి. రెండు కోర్ల (లెక్కలు చేసే భాగాల) ఐ5-2520ఎం ప్రాసెసర్‌తో అమ్మిన ఆ మెషీన్‌లో నాలుగు కోర్ల ఐ7-2760క్యూఎం పెట్టుకున్న ఘనులున్నారు. 35 వాట్ల వేడికి అలవాటు పడ్డ ఫ్యాన్ మీద 45 వాట్లు పడేసరికి అది పాపం గగ్గోలు పెడుతుంది. అయినా వీళ్లకు జాలి లేదు. కంపెనీకి పైసా ఇవ్వకుండా ఇంకో నాలుగేళ్లు వాడేసుకుంటారు.

కొంత కట్టడి అప్పట్లోనూ ఉండేది, కాదనను. ఇంటెల్ తన ప్రాసెసర్లను తరాల వారీగా లెక్కపెడుతుంది; వాటిలో రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లకు సాకెట్ ఒకటే. పాత బోర్డులో మూడో తరందాన్ని పెడితే చక్కగా కూర్చుంటుంది కూడా. కానీ బయోస్ (ల్యాప్‌టాప్‌ని మేల్కొలిపే, బోర్డులోని ప్రోగ్రామ్) ఒప్పుకోకపోతే, అన్నీ కుదిరాక గోత్రం దగ్గర ఆగిపోయిన పెళ్లి సంబంధమే. తెర నల్లగా ఉండిపోతుంది.

ఇలా సగం సగం కట్టడులతో లాభం లేదని ఇంటెల్ గ్రహించింది. 2013లో వచ్చిన నాలుగో తరంతో సాకెట్‌కి మంగళం పాడేసింది. ఐదో తరం నుంచి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లన్నిటినీ బోర్డుకే టంకం వేసి అతికించారు. ఆ నాలుగో తరంలోనూ ఒక పాఠం ఉంది. 4200ఎం ఊడి వస్తుంది, 4200యు రాదు. ఆ చివరి అక్షరం చూసుకోకుండా ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ కొనేసి, తీరా ల్యాప్‌టాప్ విప్పాక తెల్లమొహం వేసినవాళ్లకు అక్షరాస్యత విలువ బాగా తెలిసొచ్చింది. ఎందుకయ్యా ఈ టంకం అంటే, ల్యాప్‌టాప్ సన్నబడాలట. బరువు తగ్గాలని మనకు డాక్టర్ చెప్పినా వినం గానీ, ల్యాప్‌టాప్ బరువు కోసం మాత్రం ఎంత త్యాగానికైనా సిద్ధమే.

కరుణ అక్కడితో ఆగలేదు. 2012 రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో యాపిల్ ర్యామ్‌ని (తాత్కాలిక జ్ఞాపకశక్తి చిప్పుల్ని) కూడా అతికించేసింది. 2016లో టచ్ బార్ (కీల పైన తాకే పట్టీ) ఉన్న మోడళ్ల స్టోరేజీకీ, అంటే ఫైళ్లు దాచే చోటుకీ, అదే భాగ్యం పట్టింది. ఇప్పుడు ఏ చిన్న చిప్పు పోయినా బోర్డు మొత్తం మార్చాల్సిందే. "బోర్డుకి పెట్టే డబ్బులతో కొత్తదే వస్తుంది సార్" అని సర్వీస్ సెంటర్ అబ్బాయి ఎంతో ఆప్యాయంగా చెబుతాడు. మన గురించి అంత ఆలోచించేవాళ్లు ఇంట్లో కూడా ఉండరు.

ఇక మైక్రోసాఫ్ట్ చేసిన సేవ వేరే. 2021లో వచ్చిన విండోస్ 11కి ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అర్హత. విండోస్ 10 ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఊడదీయగల ప్రాసెసర్లు నాలుగో తరంతో ఆగిపోయాయి, విండోస్ ఎనిమిదో తరంతో మొదలవుతోంది. మీరు ఎంత గొప్ప ప్రాసెసర్ వెతికి తెచ్చి పెట్టినా ఫెయిలే. పరీక్షకు ముందే ఫలితం తెలిస్తే టెన్షన్ ఉండదు కదా!

కొందరు దుష్ప్రచారకులున్నారు. నీ ల్యాప్‌టాప్ నత్తనడకకు ప్రాసెసర్ కారణం కాదు, లోపల గిర్రున తిరిగే ఆ పాత హార్డ్ డిస్క్ కారణం అంటారు. అది తీసి, తిరిగే భాగాల్లేని వేగవంతమైన ఎస్ఎస్‌డీ పెట్టి, ర్యామ్ పెంచి, ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము దులిపి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంటే లేచి పరిగెడుతుందంటారు. విషాదం ఏమిటంటే వాళ్లు చెప్పేది నిజమే. నిజం కాబట్టే దాన్ని జనంలోకి పోనివ్వకూడదు.

ఆ మధ్య ఢిల్లీ కూడా కాసేపు భయపెట్టింది. 2022లో వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు అంటూ కమిటీ వేసింది, ఏడాది చివర్లో పోర్టల్ కూడా తెరిచింది. పోర్టల్ వేడికి టంకం కరగదని తెలిశాకే కుదుటపడ్డాను.

ఇక మిగిలింది అడుగు మూత ఒక్కటే. దానికి ఇంకా స్క్రూలే వాడుతున్నారు. యాపిల్ వాళ్లు ముందుచూపుతో ఐదు రేకుల తల ఉన్న స్క్రూలు పెట్టారు గానీ, వాటి స్క్రూడ్రైవర్ కూడా ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేస్తోంది. ఇది భద్రతా లోపం. కంపెనీలు వెంటనే స్పందించి, వచ్చే మోడల్ నుంచి మూతకూ టంకం వేయాలని వినియోగదారులందరి తరఫున మనవి చేస్తున్నాను.