క్రియ చివర వేలాడే ఎస్సు గారికి

ఎస్సు గారూ,

కడప ఎర్రముక్కపల్లె నుంచి రాస్తున్నాను. నలభై ఆరేళ్లకు, ఆరో తరగతి చదివే కొడుకు పక్కన కూర్చుని ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను. ఐ ఈట్, యూ ఈట్, వీ ఈట్, దే ఈట్ అన్నంతసేపూ వాడు తల ఊపాడు. మా ఆయన దగ్గరికొచ్చి "హీ ఈట్" అనగానే తల పట్టుకున్నాడు. "ఈట్స్ మా, ఈట్స్!" ఆయన సంగటి అందరికంటే రెండు ముద్దలు ఎక్కువే తింటాడు, ఒప్పుకుంటాను. అంతమాత్రాన ఆయనకే తోక తగిలించాలా?

మా తెలుగులో తింటాను, తింటావు, తింటాడు, తింటారు... ఎవరి తోక వాళ్లకుంది. మీరేమో ఇంట్లో అందరినీ వదిలేసి ఒక్కరి పేరే రేషన్ కార్డులో ఎక్కించినట్టు చేశారు.

పైగా కుక్కల సంగతొకటి. డాగ్‌కి మీరు చేరితే చాలా కుక్కలు. బార్క్‌కి చేరితే ఒకటే కుక్క. ద డాగ్స్ బార్క్, ద డాగ్ బార్క్స్. అర్ధరాత్రి మా వీధిలో మొరుగుతుంటే, ఎన్ని కుక్కలో లెక్కపెట్టుకున్నాక గానీ తిట్టుకోకూడదన్నమాట.

ద బస్ కమ్స్ ఎట్ ఎయిట్. బాగుంది. వస్తుందా అని అడగబోతే, మీరు కమ్‌ని వదిలేసి డూ చంకెక్కి డజ్ అయిపోతారు. డజ్ ద బస్ కమ్? రాదన్నా అంతే, డజంట్ కమ్. నిన్నటి మాటైతే అసలు కనబడరు: హీ ఏట్, హీ వెంట్. ఆ టెన్షన్ లేదనే ఈమధ్య నేను ఇంగ్లీషులో నిన్నటి సంగతులే మాట్లాడుతున్నాను.

మా పేటలోనే బ్రౌన్ దొర బంగళా ఉన్నచోట కట్టిన గ్రంథాలయం ఉంది. 1820లో కడపకొచ్చిన ఆ దొర తెలుగు నేర్చి, 1840లో మన భాషకు వ్యాకరణం, 1852లో నిఘంటువు అచ్చేయించాడు. ఆడమనిషి వచ్చినా గేదె వచ్చినా మేం "వస్తుంది" అనడం చూసి ఆయన ఏమనుకున్నాడో! ఆ ఒక్క విషయంలో మీరే నయం. ఆడమనిషికీ గేదెకూ పెట్టిన తోకే మా ఆయనకూ పెట్టారు.

రాత్రి ధైర్యం చేసి సొంతంగా ఒక వాక్యం రాశాను: మై సన్ టీచ్స్ మీ. వాడు ఎర్ర పెన్ను తీశాడు. టీచెస్ అట. అక్కడికి మీరు ఒంటరిగా రారట, వెంట ఒక ఈ కూడా ఉండాలట. దాని సంగతి వేరే ఉత్తరంలో.

ఇట్లు,
మీ తోకకు నోచుకోని ఒక ఐ