జిట్రేగి అల్మరా

వరంగల్ మట్టెవాడలోని మా పాత ఇంటికి లోపలి పనులు మొదలై రెండు నెలలు గడిచాయి. పని చేయించే బాధ్యత నాన్న తీసుకున్నారు. చేయించిన పనిని తప్పుపట్టే బాధ్యతను ఆయన అక్క, అంటే మా అత్తమ్మ, ఎవరూ అడగకుండానే నెత్తిన వేసుకున్నారు. బడిలో ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన ఆమె ఎదుట సగం వాక్యంతో తగాదా పడితే ఆ సగానికి కూడా మార్కులు పడవు కనుక, మా ఇంట్లో పోట్లాటలు సైతం కర్త, కర్మ, క్రియలతోనే సాగుతాయి. ఆ ఉదయం పెరట్లో వడ్రంగి మా తాతగారి అల్మరాను ఉప్పు కాగితంతో బరబర రుద్దుతున్నాడు.

అత్తమ్మ: తమ్ముడూ, నేను ఇప్పుడు నిలబడి ఉన్నది చెక్క మీదనా, బండ మీదనా?

నాన్న: టైల్స్ మీద నిలబడ్డావు అక్కా. చూపుకు టేకు పలకల్లా ఉంటాయి గానీ అవి విట్రిఫైడ్ టైల్స్, 0.5 శాతం నీరు కూడా పీల్చవు. పాత షాబాద్ బండల సందుల్లోంచి చీమలు బారులు తీరి వస్తున్నాయని ప్రతి ఎండాకాలం గోల పెట్టింది నువ్వే కదా!

అత్తమ్మ: చీమలు వచ్చినా అవి నిజమైన చీమలు. సరే, టీవీ వెనుక గోడకు కనిపిస్తున్న పాలరాయి ఎంత మందం ఉంటుంది?

నాన్న: అది పాలరాయి కాదు, పాలరాయి గీతలు అచ్చువేసిన పీవీసీ షీటు. తడి గుడ్డతో తుడిస్తే చాలు, మరక పోతుంది.

అత్తమ్మ: మరి ఆ టేకు తలుపు?

నాన్న: టేకు కాదు అక్కా, ప్లైవుడ్ మీద ఒక మిల్లీమీటరు సన్‌మైకా అంటించారు.

అత్తమ్మ: సన్‌మైకా అంటే ఏమిటో నేను నిన్ననే వడ్రంగిని అడిగి తెలుసుకున్నాను. కాగితాలను రెసిన్‌లో తడిపి, పొరలు పొరలుగా పేర్చి, వేడి పెట్టి ఒత్తితే తయారయ్యేది అదేనట. అంటే ఈ ఇంట్లో టైలు తాను చెక్కనంటుంది, ప్లాస్టిక్ తాను రాయినంటుంది, కాగితం తాను టేకునంటుంది. ఇక్కడ తానెవరో దాచుకోకుండా చెప్పగలిగింది నేనొక్కదాన్నే మిగిలాను.

(ఈ వాదనలో నేను అత్తమ్మ పక్షమే. ఆ టైల్స్‌ను ఎంపిక చేసింది నేనే కనుక నోరు మెదపలేదు.)

నాన్న: నిజమైన టేకుతో ఇల్లంతా చేయించాలంటే ఈ ఇంటినే అమ్మాలి, అప్పుడు తలుపులు మిగులుతాయి గానీ బిగించడానికి గోడలుండవు. అయినా అవసరమైన చోట నేను రాజీ పడలేదు. సింకు కింద ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ పెట్టించాను.

అత్తమ్మ: మెరైన్ అంటే సముద్రానికి సంబంధించినది కదా? మనకు ఉన్నదల్లా భద్రకాళి చెరువు. అది కూడా ఏనాడూ మన వంటింటి దాకా రాలేదు.

నాన్న: సముద్రం రాకపోయినా పైపు కారుతుంది. ఆ ముద్ర వేయాలంటే చెక్క ముక్కను 72 గంటలు నీళ్లలో మరిగించి పరీక్షిస్తారు, అప్పటికీ పొరలు ఊడిపోకూడదు.

అత్తమ్మ: 72 గంటలు! నువ్వు నిరుడు తెచ్చిన కందిపప్పును కూడా ఆ పరీక్షకు పంపాల్సింది.

నాన్న మాట మార్చడానికి ఫాల్స్ సీలింగ్ వైపు చూపించారు. అది పొరపాటు. 11 అడుగుల ఎత్తున్న కప్పును జిప్సం బోర్డుతో 10 అడుగులకు దించి, ఫ్యాను కడ్డీని కురచ చేయించి, వేడి గాలి పైకి పోయే చోటును దీపాలకు అద్దెకిచ్చావని అత్తమ్మ అన్నారు. బోర్డుకూ కప్పుకూ మధ్య నిలిచిన గాలి పొరే మే నెల ఎండను అడ్డుకుంటుందని నాన్న అన్నారు. నిజానికి రెండు మాటల్లోనూ బలం ఉంది. అందుకే ఎవరూ గెలవక ఇద్దరూ వంటింట్లోకి నడిచారు.

అత్తమ్మ: పక్కనున్న కరీంనగర్ నుంచి గ్రానైట్ దిమ్మెలు కాకినాడ రేవుకు పోయి, ఓడలెక్కి చైనా వెళుతుంటే, నువ్వు మాత్రం వంటగట్టుకు క్వార్ట్జ్ పలక తెచ్చావు. దానిమీద వేడి గిన్నె పెట్టవద్దని ఇంకెవరో కాదు, అమ్మినవాడే చెప్పాడట!

నాన్న: క్వార్ట్జ్ పొడిని రెసిన్‌తో కలిపి చేస్తారు కనుక వేడికి ఆ రెసిన్ మచ్చపడుతుందన్నది నిజమే. కానీ దానికి రంధ్రాలు ఉండవు కనుక నూనె లోపలికి ఇంకదు, పసుపు తొందరగా అంటుకోదు. గిన్నెలు దించుకోవడానికి రెండు చెక్క పీటలు కూడా కొన్నాను.

అత్తమ్మ: గిన్నె పెట్టుకోవడానికి గట్టు కట్టించి, ఆ గట్టును గిన్నె నుంచి కాపాడటానికి పీట కొన్నవాడివి నువ్వే. ఆ పీటలైనా చెక్కవేనా, లేక చెక్కలా కనిపించే ఇంకేదైనానా?

నాన్న: అక్కా, ఒకటి మరొకటిలా కనిపించడం ఈనాటి మోసం కాదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడికి నువ్వు ప్రతి శివరాత్రికీ వెళుతున్నావు. అక్కడి నల్లరాతి స్తంభాలు లేత్ మిషన్ మీద తిప్పిన కొయ్యలాగా గుండ్రటి కట్లతో ఉండవా? రాయి కొయ్యలా కనిపిస్తే కళ, టైలు కొయ్యలా కనిపిస్తే అబద్ధమా?

అత్తమ్మ: ఆ శిల్పి కొయ్య పోకడను తీసుకున్నాడే గానీ రాతికి కొయ్య రంగు పూయలేదు. మెరుగు పెట్టిపెట్టి, ఇది రాయేనని మరింత గట్టిగా చెప్పాడు. వస్తువంటే అలా ఉండాలి. ఈ ఇంట్లో అలాంటిది ఒక్కటే మిగిలింది. అది పెరట్లో ఉన్న మన నాయన అల్మరా. అసలు సిసలైన జిట్రేగి, అదే రోజ్‌వుడ్ చెక్క కనుకనే 60 ఏళ్లుగా దానికి చెద పట్టలేదు, పుచ్చు తగల్లేదు.

ఆ మాట పూర్తయ్యేసరికి పెరట్లో ఉప్పు కాగితం చప్పుడు ఆగిపోయింది. వడ్రంగి గుమ్మం దగ్గరకు వచ్చి, చేతులు తుడుచుకుంటూ, పైనున్న లక్క పాలిష్ ఊడగానే లోపల మామిడి చెక్క బయటపడిందని, ఎవరో పనిమంతుడు పాలిష్‌లో రంగు కలిపి జిట్రేగిలా చేశాడని చాలా మర్యాదగా చెప్పాడు. అత్తమ్మ పెరట్లోకి వెళ్లి అల్మరా తలుపు మీద వేలితో రుద్దారు. వేలికి లేత పసుపు పొడి అంటింది.

నాన్న నవ్వలేదు. ఆయన నవ్వి ఉంటే బాగుండేది.

నాన్న: చెద పట్టకపోవడానికి కారణం నాకు తెలుసు అక్కా. నాయన దాని నాలుగు కాళ్ల కింద బండ ముక్కలు పెట్టి, నేలకు, గోడకు తగలకుండా నిలబెట్టారు. ఇప్పుడు చెప్పు, రంగులేని పాలిష్ వేయించమంటావా? మామిడి మామిడిలాగే కనిపిస్తుంది. వస్తువంటే అలా ఉండాలని నువ్వే అన్నావు.

అత్తమ్మ: 60 ఏళ్లు ఒకే మాట మీద నిలబడిన దాన్ని ఈ వయసులో నలుగురి ముందు అబద్ధాలకోరును చేయడం న్యాయం కాదు. జిట్రేగి రంగే వేయమని చెప్పు. తలుపుల లోపలి వైపు మాత్రం మామిడిని మామిడిలా ఉండనియ్యమను.

నాన్న: మరి నా టైల్స్ సంగతి?

అత్తమ్మ: వాటికి కూడా 60 ఏళ్లు నిండనీ, అప్పుడు ఆలోచిస్తాను.