అయ్యుంటుంది గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ అయ్యుంటుంది గారికి,

నిన్న మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ బోరు దగ్గరికి సకుటుంబ సపరివారంగా విచ్చేసినందుకు కృతజ్ఞతలు. మోటార్ ఆన్ చేస్తే మూలిగి ట్రిప్ అయిపోతోంది, జరిగింది అంతే, దానికి మీరొక్కరు వచ్చినా సరిపోయేది కానీ తమ్ముళ్లు ఉండొచ్చు, కావచ్చు, ఏమో కూడా దిగారు. వాచ్‌మన్ "బోరు ఎండిపోయుంటుంది సార్" అన్నాడు. మూడో ఫ్లోర్ అంకుల్ "కేబుల్ కట్టయ్యుండొచ్చు" అన్నారు. సెక్రటరీ గారైతే "వైండింగ్ కాలిపోయుంటుంది, మా బావమరిది వాళ్లకీ అచ్చం ఇంతే" అనేశారు, ఆ బావమరిది మాటతో ఇంక కేసు క్లోజ్. మెకానిక్ వచ్చి, ఆ మూలుగు కాసేపు విని, "వైండింగే అయ్యుంటుందండీ, పైకి లాగాల్సిందే" అన్నాడు. జేబులో టెస్టర్ ఉంది. జేబులోంచి తియ్యలేదు అంటే కూడా బావుండేది, తీశాడు, దాంతో వీపు గోక్కున్నాడు.

స్టార్టర్ డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం మూడు చిన్న లైట్లుంటాయి కదా. మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో చెప్పడానికే అవి ఉన్నది. పసుపుది వెలగట్లేదు. బాబూ ఇది వెలగట్లేదు చూడు అని నేను చూపిస్తే ఏమన్నాడో తెలుసా?

"ఆ బల్బు పోయుంటుందండీ."

అయ్యా, ఇక్కడ మీకు దండం పెట్టాను. రోగం పేరు చెప్తున్న ఒకే ఒక్క సాక్షిని కూడా మీరే చంపేశారు.

తర్వాత మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ, క్లాంపులు, ఇద్దరు కూలీలు. ఒక్కో పైపు పైకి రావడం, తుప్పు పట్టిన కప్లింగ్ రెంచీకి లొంగకపోవడం, దాన్ని సుత్తితో కొట్టడం, మళ్లీ ఇంకో పైపు. సాయంత్రానికి మోటార్ బయటికొచ్చింది. మెగ్గర్ (ఇన్సులేషన్ చూసే మీటర్) పెట్టి చూస్తే వైండింగ్ నిక్షేపంలా ఉంది. అప్పుడు కూడా "లోపల తడి చేరుంటుంది" అన్నారు ఎవరో, నీళ్లలో ఉండే మోటార్‌కి తడి చేరిందట. చివరికి మెకానిక్‌తో వచ్చిన కుర్రాడు బోర్ కొట్టి మీటర్ బోర్డు దగ్గరికెళ్లి టెస్టర్ పెడితే తేలింది, మోటార్ మీటర్ కింద వై ఫేజ్ ఫ్యూజ్, అంటే ఆ పసుపు లైటు ఫేజుది, పోయింది. మూడింట్లో ఒక ఫేజు రాకపోతే మోటార్ మూలగక ఏం చేస్తుంది. ఫ్యూజ్ వైరు ముక్క వేస్తే పోయే దానికి బోరు మొత్తం ఊడబెరికాం. మళ్లీ దించాలి కదా, అది రాత్రి దాకా పట్టింది, ఈలోపు ట్యాంకర్.

నువ్వు వద్దని నేననట్లేదు. (మీరు కాస్తా నువ్వు అయ్యావు, గమనించావా.) నువ్వు లేకపోతే ఎవడూ ఏదీ కనిపెట్టేవాడు కాదు. మలేరియా చెడు గాలి వల్ల వస్తుందని జనం నమ్మే రోజుల్లో, దోమలు మోస్తుండొచ్చు అని మాన్సన్ అనే డాక్టర్ అన్నాడు. అందులో సగం తప్పు కూడా, దోమ నీళ్లలో చచ్చాక ఆ నీళ్లు తాగితే వస్తుందని ఆయన ఊహ. రొనాల్డ్ రాస్ ఆ నీళ్లు మనుషులకి తాగించి మరీ చూశాడు, లెక్క కుదర్లేదు. అయినా వదల్లేదు, మన సికింద్రాబాద్ ఉక్కపోతలో ఒక మలేరియా పేషెంట్‌ని దోమలతో కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా చొప్పున ఇచ్చి, ఆ దోమల్ని కోసి, మైక్రోస్కోప్ కింద పెట్టి, 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్. నీ పక్కన "చూద్దాం" అనేవాడు ఒకడుంటే నీకు దక్కే గౌరవం అది. రాస్ ఆ దోమని చూసిన బేగంపేట అక్కడెక్కడో చంద్రమండలంలో లేదు, మా బోరు నుంచి ఆటోలో వెళ్లొచ్చు.

మా దగ్గర మాత్రం నువ్వు నోట్లోంచి బయటపడగానే తీర్పువి. జ్వరమొస్తే వైరల్ అయ్యుంటుంది, టెస్ట్ రాయకుండానే యాంటీబయాటిక్. పిల్లాడికి మార్కులు తగ్గితే ఫోన్ అయ్యుంటుంది. టీవీ వాళ్లయితే నీకో ప్రశ్నార్థకం తగిలించి ఎవరి పరువైనా అరగంటలో తీసేస్తారు, అడిగితే మేం ప్రశ్నే కదా వేశాం అంటారు. టెన్త్ సైన్స్‌లో నిన్ను పరికల్పన అని బట్టీ పట్టించారు, పక్కనే ప్రయోగం అని ఇంకో మాట ఉండేది, అది పరీక్షకి రాదని వదిలేశాం.

నిన్న నన్ను మండించింది ఖర్చు కూడా కాదు, ఆ పసుపు లైటు. కళ్లెదురుగా ఉంది. మీటర్ కింద ఉన్న ఫ్యూజ్ లాగి చూడ్డానికి నిమిషం పట్టదు, అంతమంది మగాళ్లం నిలబడి ఒక్కళ్లమూ లాగలేదు, ఎందుకంటే అప్పటికే మనకి "తెలిసిపోయింది".

పొద్దున్న గ్రూపులో సెక్రటరీ గారు బిల్లు పెట్టారు. పుల్లీ వాళ్ల కూలీ, మెకానిక్, ట్యాంకర్, ఫ్లాటుకి ఇంత అని. కింద అందరూ నమస్కారం బొమ్మలు. నేను కట్టనని పెట్టాను. "ఆయనకి కోపం వచ్చుంటుంది" అని మూడో ఫ్లోర్ అంకుల్ రాశారు.

వచ్చుంటుంది కాదండీ. వచ్చింది.

ఇట్లు,
ఫ్లాట్ నంబర్ మీరే ఊహించుకోండి